బీపీ ఉప్పు

ఏసుపాదం నాలుక సంగతి ఆ పేటలో తెలియనివాళ్ళు లేరు. హైస్కూల్లో అటెండరుగా గంట కొట్టి రిటైరైన మనిషి. జన్మలో ఒకరి మీద గొంతెత్తింది లేదు. కానీ కంచం ముందు కూర్చున్నాడంటే మాత్రం జడ్జిగారే. పులుసులో ఉప్పు రవ్వంత తగ్గితే చాలు, ముద్ద దించేసి, "ఏమే సువార్తా, చేతికి జ్వరమొచ్చిందా ఏంటి?" అనేవాడు. ఆ మాట పడేది కూడా అల్లాటప్పా వంటగత్తె కాదు. ద్వారపూడి చుట్టుపట్ల ఏ చర్చిలో ప్రేమవిందు జరిగినా గాడిపొయ్యి దగ్గర కొంగు బిగించి నిలబడేది ఆయన భార్య సువార్తమ్మే. ఊరంతా లొట్టలేసుకుంటూ తిన్న కూరకి మొగుడు ఏం వంక పెడతాడోనని ఆవిడ బిక్కుబిక్కుమంటూ చూసేది. ఆయన బాగుందంటే ఆవిడకి ఆ రోజు పండగ.

అలాంటి ఇంట్లో కిడ్నీలు పోయాయి. బీపీ ఎన్నాళ్ళబట్టి లోపల్లోపల పాడుచేసుకుంటూ వచ్చిందో ఏమో, కాళ్ళు పొంగి, మొహం ఉబ్బి, ఆయాసంతో రాజమండ్రి తీసుకెళ్ళేసరికి డాక్టరుగారు ఇంక డయాలసిస్సే గతి అన్నారు. అప్పట్నుంచి రోజు విడిచి రోజు బస్సెక్కడం, మిషను పక్కన పడుకోవడం, రక్తం కడిగించుకుని రావడం. అది ఓర్చుకున్నాడు ఏసుపాదం. సూదులు ఓర్చుకున్నాడు. మంచినీళ్ళు గ్లాసుతో కొలుచుకుని తాగడం కూడా ఓర్చుకున్నాడు. తిండి దగ్గరికి వచ్చేసరికే ప్రాణం మీదికొచ్చింది.

ఆస్పత్రిలో తిండి గురించి చెప్పడానికి ఒక అమ్మాయి ఉంది. "ఉప్పు మానెయ్యాలమ్మా. ఆవకాయ, మాగాయ వద్దు. ఉప్పుచేప వద్దు. అప్పడాలు, వడియాలు, సీసాల్లో అమ్మే సాసులు ఏవీ వద్దు. రుచికి వెల్లుల్లి, మిరియాలు, జీలకర్ర, కాస్త నిమ్మరసం వాడుకోండి. కొత్తగా ఏది మొదలుపెట్టినా నన్నొకసారి అడగండి" అని నెమ్మదిగా, ఓపిగ్గా చెప్పింది. మంచి మాటే చెప్పింది. ఆ మాట మీద నిలబడి ఉంటే ఈ కథ చెప్పాల్సిన పనే ఉండేది కాదు.

సువార్తమ్మ మొదట నిలబడింది కూడా. వంటింట్లో ఉన్న ఉప్పంతా ఎదురింటివాళ్ళ డబ్బాలో పోసేసింది. పచ్చడి జాడీలు పేటలో పంచేసింది. ఆయన తిననిది తనకెందుకని తనూ చప్పిడే తిన్నది. సొరకాయ కూరలో మిరియాలు దంచి వేసింది. గుడ్డు తెల్లసొనకి వెల్లుల్లి, జీలకర్ర పట్టించి పెనం మీద వేయించింది. బీరకాయ మీద నిమ్మకాయ పిండింది. ప్రేమవిందుల్లో వందలమందికి వండిన చెయ్యి, ఒక్క మనిషి కోసం పొయ్యి దగ్గర నానా పాట్లూ పడింది.

ఏసుపాదం మొదటి ముద్ద తిని "బానే ఉందే" అనేవాడు. రెండో ముద్ద గొంతు దిగేది కాదు. "గడ్డి తినే గేదెకి కూడా ఉప్పుగల్లు నాకిస్తారు కదే సువార్తా. నేనేం పాపం చేశాను?" అని చెయ్యి కడిగేసుకునేవాడు. అలా కడుక్కుని కడుక్కుని మనిషి చొక్కాలో వేలాడిపోయాడు. డాక్టరుగారు చూసి కేకలేశారు. "తినకపోతే డయాలసిస్‌కి తట్టుకోలేడమ్మా. ఏం చేస్తావో నాకు తెలీదు, నువ్వు తినిపించాలి" అన్నారు. ఆ మాట సువార్తమ్మని పట్టుకుంది. తినిపించాలి. తినిపిస్తే ఉంటాడు, లేకపోతే పోతాడు. నిద్రలో కూడా ఆవిడకి అదే కలవరింత.

మండపేటలో కొత్తగా పెద్ద కిరాణా షాపు పెట్టారు. దాని యజమాని చంద్రరావు, మాటకారి. మిరియాల కోసం వెళ్ళిన సువార్తమ్మ అక్కడ ఉప్పుల అరలు చూసి నోరెళ్ళబెట్టింది. తెల్ల ఉప్పు, కల్లుప్పు, నల్ల ఉప్పు, గులాబీరంగు సైంధవ లవణం! ఉప్పులో ఇన్ని కులాలున్నాయని ఆవిడకి తెలీదు. చంద్రరావు దగ్గరికొచ్చి, పైన గుండె బొమ్మ వేసున్న ప్యాకెట్టు తీసి చేతిలో పెట్టాడు.

"ఆయ్, మీకు కావాల్సింది ఇదండి. సోడియం తగ్గించేసిన ఉప్పు. బీపీ ఉప్పంటారు. బీపీ ఉన్నవాళ్ళందరూ ఇదే పట్టుకెళ్తారండి. మా అమ్మకి కూడా ఇదే."

"మా ఆయనకి కిడ్నీలండి. పర్లేదంటారా?"

"భలేవారండీ! బీపీకి మంచిదైంది కిడ్నీకి చెడ్డదవుద్దేంటండీ?"

అబద్ధం చెప్పలేదు పాపం, నమ్మిందే చెప్పాడు. వాళ్ళమ్మకి బీపీయే గానీ కిడ్నీలు నిక్షేపంలా ఉన్నాయి. ప్యాకెట్టు వెనకాల చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఏదో రాసుంది. సువార్తమ్మ చదువు తెలుగు బైబిలు వరకే. రాజమండ్రిలో ఆ అమ్మాయిని ఒక మాట అడుగుదామా అని మాత్రం అనుకుంది. నిజం చెప్పాలంటే గట్టిగానే అనుకుంది. అడిగితే వద్దంటుందేమోనని భయపడి అడగలేదు.

ఆ రోజు వంకాయ కూరలో ఆ ఉప్పు వేసింది. ఏసుపాదం ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. పెళ్ళాం మొహంలోకి చూశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి ఆ పెద్దమనిషికి. "కొంచెం చేదు తగిలింది గానీ, ఉప్పేనే!" అన్నాడు. మారు వడ్డించుకుని తిన్నాడు, పళ్ళెం ఊడ్చేశాడు. సువార్తమ్మ వంటింట్లోకి పోయి గోడకి తిరిగి దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. ఇంక ఆవిడకి పట్టపగ్గాల్లేవు. కూరలో అదే, చారులో అదే, మజ్జిగలో అదే. సోడియం లేదు కదా, ఎంత వేస్తే ఏంటి? మామిడికాయల రోజులేమో, చిన్న సీసాడు ఆవకాయ కూడా ఆ ఉప్పుతోనే కలిపేసింది.

మనిషి కాస్త ఒళ్ళు చేశాడు. పేటలో అందరూ ఏసుపాదం తేరుకున్నాడన్నారు. సరిగ్గా అప్పుడే రక్తపరీక్షలో తేడా వచ్చింది.

డయాలసిస్ దగ్గర సిస్టరుగారు కాగితం చూస్తూ గొంతు పెంచింది. "పొటాషియం ఇంత పెరిగిందేంటండీ? ఇది పెరిగితే గుండె టక్కున ఆగిపోద్ది, తెలుసా? ఏం తిన్నారు? అరటిపండ్లా? టమాటాలా? కొబ్బరినీళ్ళేమైనా తాగారా?"

"లేదండి" అన్నాడు ఏసుపాదం.

"ఉప్పు?"

"ఉప్పు ఇంట్లో లేనే లేదు తల్లీ. వాసన కూడా చూడ్డంలేదు" అంది సువార్తమ్మ, గుండెమీద చెయ్యేసుకుని. ఆవిడ లెక్కలో బీపీ ఉప్పు ఉప్పు కాదు, మందు. మందుల చీటీలో లేని ఆ మందు గురించి ఎవరడుగుతారు?

కానీ కొబ్బరినీళ్ళన్న మాట దగ్గర ఆవిడ చెవి ఆగింది. ఏసుపాదానికి చిన్నప్పట్నుంచీ జతగాడు యెహెజ్కేలు. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపడం అతని పని. రోజూ సాయంత్రం వచ్చి వీళ్ళ అరుగు మీద కూర్చుంటాడు. ఇద్దరూ ఏవో గుసగుసలాడుకుని నవ్వుకుంటారు. చెట్టెక్కేవాడి చేతిలో బొండం లేకుండా ఉంటుందా? మొగుడికి నోరు కట్టుకోవడం వచ్చా? బస్సులో ఇంటికొచ్చేలోగా సువార్తమ్మ మనసులో కేసు నడిచి తీర్పు కూడా అయిపోయింది.

మంచం కింద చూసింది, గడ్డివాము వెనకాల చూసింది. పెరటి కంచె అవతల ఒక ఎండిపోయిన బొండం డొక్క కనబడింది. గోదావరి జిల్లాలో కంచె అవతల బొండం డొక్క లేని ఇల్లెక్కడైనా ఉందా చెప్పండి! ఆవిడకి మాత్రం అది చాలిపోయింది. సాయంత్రం యెహెజ్కేలు రాగానే గుమ్మంలోనే ఆపేసింది.

"అన్నయ్యా, రేపట్నుంచి మా ఇంటికి రాకండి."

"ఏం చేశాను చెల్లెమ్మా?"

"మీ మనసుకి తెలుసు."

అతను ఏసుపాదం వైపు చూశాడు, ఏసుపాదం నేలచూపులు చూశాడు. అతను తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చేసిన పరీక్షలో పొటాషియం ఇంకా పెరిగింది.

"ఎలా తాగుతున్నారండీ? ఎక్కడ తాగుతున్నారు?" అని సువార్తమ్మ మొగుడి మీద పడిపోయింది.

"తాగలేదే. దేవుడి ఎదట చెబుతున్నాను, తాగలేదు."

"అబద్ధం మీద అబద్ధమా?"

ఆ ఆదివారం బల్లారాధన. నెలకోసారి రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే రోజు. ఊహ తెలిసినప్పట్నుంచీ ఏసుపాదం అది తప్పలేదు. చర్చికి బయల్దేరుతుంటే సువార్తమ్మ దారికడ్డంగా నిలబడింది. "మనసులో అబద్ధం పెట్టుకుని ప్రభువు బల్లలో చెయ్యెట్టకండి. శాపం తగులుద్ది" అంది. ఆయన ఆవిణ్ణి తప్పుకుని చర్చికైతే వెళ్ళాడు. అందరూ లేచి వరసకట్టి ముందుకి వెళ్తుంటే ఒక్కడూ బెంచీ మీద తల దించుకుని కూర్చుండిపోయాడు. వందమంది చూశారు. ఏసుపాదం ఏం పాపం చేశాడోనని పేటంతా చెవులు కొరుక్కుంది. సువార్తమ్మ మాత్రం వెనక్కి తగ్గలేదు. ఆయన ప్రాణం నిలబడాలంటే ఆయన నోటితో నిజం రావాలి, అంతే.

మర్నాడు ఉపవాస ప్రార్థన పట్టింది. "మీరు ఒప్పుకునేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టను" అని చాప పరుచుకుని కూర్చుంది. ఆవిడకి షుగరు. మాత్ర వేసుకుంటే ఏదో ఒకటి తినాలి, కాబట్టి మాత్రా మానేసింది. ఏసుపాదం మొదట నవ్వాడు, తర్వాత కోప్పడ్డాడు, ఆ తర్వాత బతిమాలాడు. చంటిపిల్లకి పట్టినట్టు గ్లాసు నోటి దగ్గర పట్టాడు. ఆవిడ మొహం తిప్పేసుకుంది. అంత మొండిది! తను తినకపోయినా ఆయనకి మాత్రం వేళకి వండి వడ్డించింది, బీపీ ఉప్పు వేసి, పక్కన ఆవకాయ బద్ద పెట్టి.

తెల్లవారి మధ్యాహ్నానికి ఆవిడ కళ్ళు తిరిగి చాప మీద ఒరిగిపోయింది. ఏసుపాదం కంగారుగా బయటికి వెళ్ళాడు. కాసేపటికి పాస్టరుగారిని వెంటబెట్టుకొచ్చాడు. వెనకాలే యెహెజ్కేలు కూడా వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

"తాగానండయ్యగారూ. కొబ్బరినీళ్ళు తాగాను. మా యెహెజ్కేలే తెచ్చి ఇచ్చాడు. తప్పయిపోయింది" అన్నాడు ఏసుపాదం చేతులు కట్టుకుని.

పాస్టరుగారు గుమ్మం వైపు చూశారు. "నిజమేనా యెహెజ్కేలూ?"

"నిజమేనండి. అడిగితే కాదనలేకపోయాను."

పాస్టరుగారు ఇద్దరినీ మోకరింపజేసి ప్రార్థన చేశారు. సువార్తమ్మ ఏడ్చింది, మొగుణ్ణి తిట్టింది, అన్నం తిన్నది. ఏసుపాదం ఎదురుగా కూర్చుని ఆవిడ తింటున్నంతసేపూ చూస్తూ ఉన్నాడు.

రాజమండ్రి వెళ్ళగానే, "దొంగ దొరికాడు తల్లీ! కొబ్బరినీళ్ళే" అని సిస్టరుగారికి చెప్పేసింది. సిస్టరుగారు చెడామడా చీవాట్లు పెట్టింది. డాక్టరుగారు కూడా గట్టిగా చెప్పారు. ఏసుపాదం అన్నింటికీ తలూపాడు. కారణం తెలిసిపోయింది కాబట్టి ఇంక ఎవరూ ఏమీ అడగలేదు. వెతికేవాళ్ళందరూ వెతకడం ఆపేశారు.

తర్వాతి బల్లారాధనలో ఏసుపాదం రొట్టె పుచ్చుకున్నాడు. ఇంటికొచ్చి ఆవకాయ కలుపుకుని కడుపునిండా తిన్నాడు. చెయ్యి కడుక్కోవడానికి లేచి, "కాళ్ళలో సత్తువ లేదేంటే, ఆడ్డంలేదు" అన్నాడు. గోడ పట్టుకున్నాడు. పట్టుకున్నట్టే జారిపోయాడు. ఆటో వచ్చేలోగానే అంతా అయిపోయింది.

శవపెట్టె మీద పడి సువార్తమ్మ ఏడ్చిన ఏడుపు పేటంతా విన్నది. "చెప్పిన మాట వింటే బతికేవారు కదండీ! మళ్ళీ తాగేశారు కదండీ! ఆ నీళ్ళే మిమ్మల్ని మింగేశాయి కదండీ!" అని గుండెలు బాదుకుంది. యెహెజ్కేలు వాకిట్లో వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. ఆడవాళ్ళు అతన్ని చూసి మొహాలు తిప్పుకున్నారు. పెట్టె మొయ్యడానికి ముందుకొస్తే ఎవరో భుజం పట్టుకుని వెనక్కి నెట్టారు. అతను సమాధుల దొడ్డి దాకా అందరికీ వెనకాల నడిచాడు.

కొన్నాళ్ళకి దుర్గాశ్రీ అనే ఆవిడ రాజమండ్రి నుంచి పలకరించడానికి వచ్చింది. ఆవిడ భర్తది ఏసుపాదం పక్క మిషనే. మంచి మనిషి, వచ్చి సువార్తమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"మీ ఆయన రోజూ మీ వంట గురించే చెప్పేవారక్కా. చప్పిడి కూడు కూడా మా ఆవిడ చేతిలో కమ్మగా ఉంటుందనేవారు. మా ఆయన అసలు ముద్ద ముట్టడంలేదు. ఏం వేస్తారక్కా మీరు?"

ఆ దుఃఖంలోనూ సువార్తమ్మకి కాస్త గర్వంగా అనిపించింది. లోపలికి వెళ్ళి, మిగిలిన ప్యాకెట్టు తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది. "ఇది పట్టుకెళ్ళమ్మా. బీపీ ఉప్పు. ఆయన దీంతోనే తేరుకున్నారు. ఆ నీళ్ళు తాగకపోతే ఉండేవారే."

దుర్గాశ్రీ ప్యాకెట్టు వెనక్కి తిప్పి చదివింది. ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది. "అక్కా, ఇది... ఆ తిండి చెప్పే అమ్మాయి మాకు ఇది మాత్రం ముట్టుకోవద్దంది. ఉప్పు తగ్గించి, ఆ బదులు ఇందులో వేసేది పొటాషియమేనంట. కిడ్నీ వాళ్ళకి విషంతో సమానం అంది. ఇదిగో, ఇక్కడ రాసుంది, కిడ్నీ జబ్బున్నవాళ్ళు వాడకూడదని."

సువార్తమ్మకి ఆ అక్షరాలు ఎలాగూ చదవడం రాదు. అయినా చాలాసేపు వాటినే చూసింది. దుర్గాశ్రీ ఏదో ఓదార్పు చెబుతోంది, అదేదీ చెవికెక్కలేదు. నేను పెట్టాను, నేనే పెట్టాను. ముద్ద ముద్దకీ నేనే వడ్డించాను. ఆయన తాగలేదు మొర్రో అని మొత్తుకుంటుంటే అబద్ధాలకోరని బల్ల దగ్గర్నుంచి వెళ్ళగొట్టాను. మరి తాగనివాడు తాగానని ఎందుకన్నాడు?

ఆవిడ పమిట కప్పుకుని ఎర్రటి ఎండలో యెహెజ్కేలు ఇంటికి నడిచింది. అతను పంచలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆవిణ్ణి చూసి లేచి నిలబడ్డాడు.

"ఆయనకి మీరు కొబ్బరినీళ్ళు ఇచ్చారా అన్నయ్యా?"

"ఇప్పుడెందుకమ్మా ఆ మాట."

"ఇచ్చారా లేదా?"

"లేదు."

"మరి అయ్యగారి ఎదట ఇచ్చానని ఎందుకన్నారు?"

యెహెజ్కేలు మళ్ళీ మంచం మీద కూర్చున్నాడు. "నువ్వు తిండి మానేశావు కదమ్మా. వాడొచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. దానికి షుగరుందిరా, పడిపోయిందిరా, నేనెలాగూ పోయేవాణ్ణే, నాకోసం అది పోవడమేంటిరా అన్నాడు. తాగానని చెప్పేస్తాను గానీ ఎవరిచ్చారంటే ఏం చెప్పనురా అన్నాడు. నా పేరు చెప్పెయ్‌రా అన్నాను. ఎలాగూ ఊళ్ళో నన్నే అనుకుంటున్నారు కదా."

సువార్తమ్మ నేలమీద చతికిలబడింది.

"ఒక్కటే నన్ను కొరుక్కు తింటోంది చెల్లెమ్మా" అన్నాడు అతను. "ఆ మాట చెప్పకుండా ఉంటే డాక్టర్లు ఇంకా వెతికేవారు. వెతికితే అసలు సంగతి బయటపడేదేమో. మేమిద్దరం కూడబలుక్కుని వాడి ప్రాణం తీశామేమో."

"మీరు కాదన్నయ్యా. నేను" అంది సువార్తమ్మ. ఉప్పు సంగతంతా చెప్పింది. చంద్రరావు షాపు, ఆవకాయ, ఆ అమ్మాయిని అడగాలనుకుని అడక్కపోవడం, ఏదీ దాచలేదు. నీ తప్పేం లేదమ్మా అని అతను అంటాడేమోనని ఒక్క క్షణం ఆశగా చూసింది. అతను అనలేదు. తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

తర్వాత, "పొద్దుట్నుంచీ ఏమైనా తిన్నావా?" అని అడిగాడు.

"లేదు. వద్దు."

"తినాలి చెల్లెమ్మా. నువ్వు తినాలనే కదా వాడు అంతమాట ఒప్పుకున్నాడు" అన్నాడు. లోపలికి కేకేసి కోడలితో పళ్ళెం పెట్టించాడు.

సువార్తమ్మ కాదనలేకపోయింది. వేడన్నం, చిక్కుడుకాయ కూర. కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది. ఏ సంగతీ తెలియని ఆ కోడలు, ఇంటికొచ్చిన ఎవరినైనా అడిగేటట్టే, చేతిలో గరిటెతో వంగి అడిగింది. "ఉప్పు సరిపోయిందాండీ?"

"సరిపోయిందమ్మా" అంది సువార్తమ్మ. ఆ ముద్ద మింగనూలేక, ఉమ్మనూలేక, పళ్ళెం ముందు కూర్చుని భోరున ఏడ్చేసింది.